హాజరు పట్టీలో మొదటి పేరు

బడి టీచరు రాస్మియా నిచ్చెన మెట్లెక్కి వచ్చి, చాప మీద కూర్చుని, చంకలోంచి ఒక పాత పుస్తకం తీసి విప్పేదాకా మొనైరా ఆ సంగతి మర్చిపోయాననే అనుకుంటూ వచ్చింది. నలభై ఏళ్ళు మాటలా మరి! అన్నేళ్ళలో మనిషి కన్నబిడ్డల పురిటినొప్పులే మర్చిపోతుంది.

అట్టలు చెదలు తిన్న ఆ పుస్తకం బడి అటక మీద దొరికిందట. అమెరికా వాళ్ళు బడి పెట్టిన తొలి నాలుగేళ్ళ హాజరు పట్టీ.

"చూడండి బాయీ, ఆడపిల్లల పేజీలో మొట్టమొదటి పేరు మీదే!" అంది రాస్మియా, దొరల ఇంటి ఆడవాళ్ళని ఊరంతా పిలిచినట్టే పిలిచి. "మొనైరా, దాతు సంపొర్నా కూతురు, వయసు పదకొండు. మన ఊళ్ళో బడి గడప తొక్కిన మొదటి ఆడపిల్ల మీరన్నమాట. నాలుగేళ్ళూ ఒక్క రోజూ మానలేదు. ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా చెప్పలేదేం మీరు?"

మొనైరా తమలపాకుకి సున్నం రాస్తోంది. వేలు ఆకు మీదే ఆగిపోయింది. వంటింట్లోంచి అల్లం, మిరపకాయలు దంచుతున్న రోకలి చప్పుడు వస్తోంది. అదీ ఆగింది. కాసేపటికి రోకలి మళ్ళీ మొదలైంది గానీ మొనైరా వేలు కదల్లేదు.

వచ్చే ఆదివారం బడికి నలభై ఏళ్ళ పండగ. పై అధికారి మరావి పట్నం నుంచి వస్తున్నాడు. ఆ పాత పట్టీలోంచే పేర్లు పిలుస్తారు. బతికున్నవాళ్ళు హాజరు పలకాలి. మొనైరా మటుకు వేదిక ఎక్కి నల్లబల్ల మీద తన పేరు రాయాలి. రాస్మియా గుక్క తిప్పుకోకుండా ఇదంతా చెప్పేసింది.

మొనైరా కొడుకు బంతువాస్ అప్పటిదాకా గోడకి ఆనుకుని వింటున్నాడు. లేచి వచ్చి పుస్తకం అందుకుని ఆ పేరు మీద వేలు పెట్టాడు.

ఈ బంతువాస్ గురించి ఒక మాట చెప్పాలి. మంచివాడే, కానీ ఊళ్ళేలిన దాతులమని వంశం పేరెత్తితే చాలు, ఒళ్ళు తెలియదు. కూతురు అస్లియా ఊరి బడిలో ఆరో తరగతి మొదటి మార్కులతో పూర్తి చేసింది. మరావిలో హాస్టల్లో ఉండి పెద్ద బడిలో చదువుతానంటుంది. రెండు నెలలుగా ఇంట్లో అదే యుద్ధం. పిల్ల ఏడుస్తుంది, మొనైరా బతిమాలుతుంది, వాడు మాత్రం, "దాతుల ఇంటి ఆడపిల్ల పరాయి కప్పు కింద పడుకుందన్న మాట మన వంశంలో లేదమ్మా. నా చేతుల మీదుగా రానివ్వను" అంటాడు. పట్టిన పట్టు వదిలేవాడు కాదు.

అలాంటివాడి కళ్ళల్లో ఆ రోజు నీళ్ళు తిరిగాయి.

"మిగతా దాతులంతా తమ పిల్లల్ని దాచేసి, వాళ్ళ బదులు దాసీల పిల్లల్ని పంపారట. మా తాత మాత్రం సొంత కూతుర్నే పంపాడు! చూశావా టీచరమ్మా? ఊరంతా ఛీ అంటున్న రోజుల్లో మా అమ్మ వెళ్ళింది!" అని కూతురి వైపు తిరిగాడు. "ఇంకా నిలబడి చూస్తావేంటే? మీ నానమ్మ వెళ్ళగా లేనిది నువ్వు వెళ్తే మన పరువు పోతుందా? పో, పెట్టె సర్దుకో."

అస్లియా వేసిన కేకకి నేల పలకలు అదిరాయి. పిల్ల వచ్చి నానమ్మ మెడకి చుట్టుకుపోయింది. "నువ్వెంత గుంభనవే నానమ్మా! కళ్ళు కనపడవంటూ నాతో లెక్కలు చెప్పించుకునేదానివి!"

ఒక్క మాటైనా ఆడకుండా అబద్ధమాడిన ఘనత ఆ రోజు మొనైరాకి దక్కింది. నోరు తెరిస్తే పిల్ల పెట్టె మళ్ళీ అటకెక్కుతుంది. తెరవకపోతే... ఆ రెండో సంగతి వంటింట్లో అల్లం దంచుతోంది.

దాని పేరు రొకాయా.

బడి పెట్టిన ఏడు ఇంటికొక ఆడపిల్లనైనా పంపమని తుపాకీల వాళ్ళు ఇల్లిల్లూ తిరిగారు. దాతు సంపొర్నా తలాడించి, వాళ్ళు మెట్లు దిగగానే కాండ్రించి ఉమ్మాడు. ఆ బడికి వెళ్తే పిల్లలు శిలువ మొక్కుతారని ఒక భయం. ఆడపిల్ల రాత నేర్చుకుంటే మొదట రాసేది మగాడికి ఉత్తరమేనని ఇంకో భయం. ఖురాన్ కంఠతా వస్తే చాలదా? దాతు కూతురు కాబట్టి మొనైరాని ఇంటి నడికొప్పు కింద పై గదిలో ఉంచేవారు. లామిన్ అంటారు దాన్ని. చెక్కుడు కిటికీలోంచి లోకాన్ని తను చూడొచ్చు, లోకం తనని చూడకూడదు. అలాంటి పిల్లని బడికా? వంటదాసి కూతురు రొకాయాది ఇంచుమించు అదే ఈడు. దాతు దాన్ని పిలిచి, "రేపట్నుంచి నువ్వు మొనైరావి. బడి వదలగానే మళ్ళీ రొకాయావి. అర్థమైందా?" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. అమెరికా వాళ్ళని బోల్తా కొట్టించామనుకున్నారు పాపం.

రోజూ పొద్దున్నే రొకాయాకి మొనైరా పట్టు మలోంగ్ చుట్టేవారు, బంగారు దువ్వెన జడలో గుచ్చేవారు. సాయంత్రం అది మెట్ల దగ్గరే అవన్నీ విప్పి, మడతపెట్టి అప్పజెప్పి, చిరుగుల గుడ్డలో వంటింట్లోకి పోయేది. సొమ్మొకరిది సోకొకరిది అని దాసీలు ఏడిపిస్తే నవ్వేసేది. మొదటి ఏడాది ఒక మధ్యాహ్నం లామిన్‌లోకి అన్నం తెచ్చి, "బాయీ, నాకు పది అక్షరాలు వచ్చేశాయి. మీకు నేర్పనా? ఎవరికీ చెప్పను" అంది.

మొనైరా పళ్ళెం తోసేసింది. "వంటపిల్ల దగ్గర నేను నేర్చుకోవాలా?"

అంతే, ఆ పిల్ల మళ్ళీ అడగలేదు. ఆ తోసేసిన పళ్ళెం మొనైరా కళ్ళ ముందు ఇప్పటికీ ఉంది. పులుసు పలకల సందుల్లోంచి కిందికి కారడం కూడా గుర్తుంది.

నాలుగో ఏట బడి దొరసాని ఇంటికే వచ్చింది. దాతు కంగారుపడి రొకాయాకి నగలన్నీ దిగేసి నడిమి చాప మీద కూర్చోబెట్టాడు. కన్నకూతురేమో పైన చీకట్లో ఊపిరి బిగబట్టి వింటోంది. "మీ మొనైరా లాంటి పిల్లని నేను చూడలేదు. జంబోవాంగా పట్నం పంపండి, అక్కడ చదివి టీచరై తిరిగొస్తుంది" అంది దొరసాని. మొనైరా, మొనైరా, మొనైరా. ఎన్నిసార్లు అందో! తన పేరు అంత ముద్దుగా ఎవరూ పలకడం మొనైరా వినలేదు. ముద్దు చేసింది మాత్రం తనని కాదు.

దాతు అప్పుడు నవ్వుతూనే ఉన్నాడు. జంబోవాంగా అయితే ఏం, పీడ పోతుంది, పంపేద్దామన్న ధోరణిలో ఉన్నాడు. దొరసాని వెళ్ళగానే మొనైరా లామిన్ నిచ్చెన దిగి వచ్చి, "నాన్నా, ఆ పేరు నాది. ఒక దాసి దాన్ని ఊరూరా మోస్తుంటే మీకు సిగ్గుగా లేదా? ఆపించండి" అంది.

దాతు ఆపించాడు. మొనైరాకి పెళ్ళి కుదిరింది, ఇక రాదని కబురు పంపాడు. పెళ్ళి కుదిరింది నిజానికి ఆ మరుసటేడు. సారెతో పాటు రొకాయా కూడా అత్తవారింటికి వచ్చింది. ఇద్దరూ కలిసే ముసలివాళ్ళయ్యారు. రొకాయా మళ్ళీ అక్షరం ముట్టుకోవడం ఎవరూ చూడలేదు, ఒక్క మొనైరా తప్ప. ఎండుచేపలు కట్టి తెచ్చిన పాత పేపరు పొయ్యిలో వేసే ముందు అది ఒక్క క్షణం ఆగేది. చేయి ఆగేది, కళ్ళు కదిలేవి, తర్వాతే మంట. ఇన్నేళ్ళూ మొనైరా అది చూసి చూడనట్టే ఊరుకుంది. తెలిసినవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు మట్టిలో కలిసిపోయారు. ఇంట్లో ఆ గుట్టు తెలిసి మిగిలింది వీళ్ళిద్దరే.

టీచరు వెళ్ళిన మర్నాడు తెల్లవారి నమాజు కాగానే మొనైరా వంటింట్లోకి వెళ్ళి పొయ్యి దగ్గర కూలబడింది. బాయి వంటింట్లో నేల మీద కూర్చోవడం రొకాయా ఎప్పుడూ చూడలేదు.

"ఏం బాయీ, ఒంట్లో బాలేదా?"

"విన్నావుగా నిన్న."

"విన్నాను. పిల్ల వెళ్తోంది. అల్లా చల్లగా చూశాడు."

"నేను నిజం చెప్పేస్తానే రొకాయా."

"మీకు మతి పోయిందా?" రొకాయా గరిటె పక్కన పెట్టింది. "చెప్తే ఏమవుతుంది? ఆ పేరు నాదైపోతుందా, నా వయసు వెనక్కొస్తుందా? బాబుగారు పిల్ల పెట్టె లాగి అవతల పారేస్తారు. అంతకన్నా ఏమీ కాదు. ఊరుకోండి."

మొనైరా ఒక పుల్ల పొయ్యిలోకి ఎగదోసింది. తర్వాత ఆ మాట బయటికొచ్చింది. "నీ చదువు ఆపించింది పెళ్ళి కాదే. నేను. నేనే నాన్నని ఆపించమన్నాను."

"తెలుసు."

"తెలుసా!"

"నడింటి నేల పలకలకి సందులున్నాయి కదా బాయీ. ఆ నగలు విప్పుతూ కిందే నిలబడి ఉన్నాను."

"మరి నలభై ఏళ్ళు నన్నొక్క మాటైనా అనలేదేం?"

"అంటే ఏం చేసేవారు? బడికి పంపేవారా?" అంది రొకాయా. ఆ గొంతులో కోపం లేదు. ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అంది. కోపం ఉండి ఉంటే మొనైరా ఏడ్చి తేలికపడేది. ఆ దారి కూడా లేకపోయింది.

రొకాయా చేట బోర్లించి, పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తీసి మొనైరా వేళ్ళ మధ్య ఇరికించింది. "ఆదివారానికి ఐదు రోజులే ఉంది. ఇంగ్లీషులో మీ పేరుకి ఏడు అక్షరాలు. రండి."

చిన్నప్పుడు తోసేసిన పళ్ళెం ముందు మొనైరా ఇప్పుడు కూర్చుంది. అదీ ఎందుకు? పెట్టిన మనిషి నోటి దగ్గరి కూడు లాక్కోవడానికి. ఆ సిగ్గుతోనే కుడి పక్క నుంచి మొదలుపెట్టింది.

"అటు నుంచి కాదు బాయీ! ఇది ఖురాన్ కాదు. ఇటు నుంచి."

"ఎటు నుంచి రాస్తే ఏమిటే, నా పేరే కదా!"

"మీ పేరే. కానీ అలా రాస్తే ఇంకెవరిదో అవుతుంది." రొకాయా గరిటె కాడతో చేట అంచు మీద టక్కున కొట్టింది. "ఆ సున్నా మూయండి. గుమ్మం తీసి వదిలేసినట్టు వదిలేస్తారేం? మళ్ళీ."

"దొరసాని ఇలాగే కొట్టేదా?"

"దొరసాని నన్నెప్పుడూ కొట్టలేదు. కొట్టాల్సిన పని పడలేదు" అంది రొకాయా. ఆ ఒక్క మాట అన్నప్పుడు మాత్రం ముసలి మెడ కొంచెం నిటారైంది. ఆ పొద్దు ఇద్దరూ చాలా నవ్వుకున్నారు. అంత నవ్వు ఆ వంటింట్లో ఎప్పుడూ లేదు. ఇలాంటి పొద్దులు చిన్నప్పుడే ఎన్ని ఉండేవో కదా అని మొనైరాకి తోచి, నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.

ఆదివారం బడి ముంగిట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. కాగితం జెండాలు, ఇత్తడి గంటల మోత. మొనైరా పసుపు పట్టు మలోంగ్‌లో వేదిక మీద, పై అధికారి పక్కన కూర్చుంది. ముందు వరసలో బంతువాస్, పక్కనే కొత్త తెల్ల జాకెట్టులో అస్లియా. వెనక, కొబ్బరిచెట్ల కింద పనివాళ్ళ మధ్య రొకాయా, ఒళ్ళో బాయి తాంబూలం పెట్టె.

రాస్మియా పట్టీ తెరిచి మగపిల్లల పేర్లు చదివింది. ఏడెనిమిది మంది ముసలాళ్ళు లేచి హాజరు పలికారు. వాళ్ళలో సగం మంది పేరు ఒకరిది, మనిషి ఇంకొకరు. వాళ్ళే ఇప్పుడు కచేరీల్లో కుర్చీలెక్కి ఉన్నారు కాబట్టి ఎవరూ ఆ ఊసెత్తరు. పేజీ తిరిగింది.

"మొనైరా!"

మొనైరా కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. ఐదు రోజులు చేయికి నేర్పారు గానీ నోటికి ఎవరూ నేర్పలేదు. ముంగిలంతా ఆవిడ వైపే చూస్తోంది.

"ప్రెజెంట్, మేడమ్!"

ఆ గొంతు వెనక నుంచి వచ్చింది. కొబ్బరిచెట్ల కింద రొకాయా లేచి నిలబడి ఉంది. చేయి పైకెత్తి, గడ్డం పైకెత్తి, పదకొండేళ్ళ పిల్ల నిలబడ్డట్టు నిలబడి ఉంది. తాంబూలం పెట్టె కింద పడి వక్కలు దొర్లుతున్నాయి.

జనం గొల్లున నవ్వారు. "ఏమే రొకాయా, బాయి బదులు అన్నం కూడా నువ్వే తింటావా?" అని ఎవరో కేకేశారు. "విశ్వాసమంటే అదీ! యజమానురాలి హాజరు కూడా తనే పలికేస్తోంది!" అన్నాడు పై అధికారి, కళ్ళు తుడుచుకుంటూ. రొకాయాకి అప్పటికి స్పృహ వచ్చింది. మొహం మీదికి ముసుగు లాక్కుని కుక్కిన పేనులా కూర్చుండిపోయింది.

బంతువాస్ కూడా నవ్వుతున్నాడు. నవ్వుతూనే తల్లి మొహం వైపు చూశాడు. నవ్వు నెమ్మదిగా తగ్గింది. చూస్తూనే ఉన్నాడు.

చెప్పాలంటే అదే సమయం. నిజం దానంతటదే లేచి నిలబడి చేయెత్తింది. ఔనను, ఆవిడే అను, అంతే చాలు. మొనైరా అస్లియాని చూసింది. పిల్ల రెండు చేతులూ గుండెకి అదుముకుని ఉంది. రేపు పొద్దున్నే ప్రయాణం. పిల్ల కోసమే నోరు మూసుకున్నానని మొనైరా తర్వాత తనకి తాను ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్కలేదు. అది అబద్ధం కాదు. కానీ పూర్తి నిజం కూడా కాదు. ఆ ముంగిలంతా తన పేరు కోసం ఎదురుచూస్తున్న ఆ క్షణం ఆవిడకి బాగుంది. లామిన్ చీకట్లో కూర్చున్న పిల్ల నలభై ఏళ్ళుగా అడుగుతున్నది అదే. ఛీ, అనుకుంది, అనుకుంటూనే లేచింది.

"ప్రెజెంట్" అంది.

సుద్దముక్క తీసుకుని ఏడు అక్షరాలూ రాసింది. ఎడమ నుంచి కుడికి, సున్నా మూసి. చప్పట్లు మోగిపోయాయి. బంతువాస్ అందరికన్నా ఎక్కువ కొట్టాడు. నమ్మి కొట్టాడో, నమ్మాలనుకుని కొట్టాడో మొనైరా అడగలేదు. వాడూ ఏమీ అడగలేదు.

ఇంటికి వస్తుంటే రొకాయా దారి పొడుగునా రెండడుగులు వెనకే నడిచింది. "క్షమించండి బాయీ. కావాలని కాదు. ఆ పేరు చెవిన పడగానే ప్రాణం లేచి నిలబడింది" అంది. వెనక్కి తిరిగి దాని చేయి పట్టుకోవాలని మొనైరాకి అనిపించింది. దారి నిండా జనం ఉన్నారు. పట్టుకోలేదు.

అస్లియా వెళ్ళిన నెలకి మొదటి ఉత్తరం వచ్చింది. బంతువాస్ నడింట్లో నిలబడి పెద్దగా చదివాడు. క్లాసులో నానమ్మ గురించి చెప్పిందట, టీచరు పిల్లలందరి చేత చప్పట్లు కొట్టించిందట. వాడు మీసం దువ్వుకుని, ఉత్తరం అక్కడ పెట్టి చెరువు వైపు వెళ్ళిపోయాడు.

మొనైరా అది తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. "నువ్వు చదువు" అంది.

రొకాయా చేతులు తుడుచుకుంది. గడపలోంచి బయటికి తొంగి చూసింది. ఎవరూ లేరు. అప్పుడు కాగితాన్ని దూరంగా పట్టుకుని, ఎక్కడా తడబడకుండా, మొదటి నుంచి చివరిదాకా చదివింది. కొడుకు గడగడా చదివినదాన్నే ఈవిడ చదువుతుంటే పిల్ల వచ్చి ఎదురుగా కూర్చున్నట్టుంది. ఇలాంటి గొంతుతో ఎందరు పిల్లలకి పాఠాలు చెప్పి ఉండేదో! చివర బంతువాస్ వదిలేసిన వాక్యం ఒకటి ఉంది. "వంటింటి అవ్వకి నా సలాం చెప్పండి. అవ్వ పెట్టిన మిరపకారం సీసా అయిపోయింది, ఇంకొకటి పంపమనండి."

"పంపుతాలే తల్లీ" అంది రొకాయా కాగితంతోనే.

మొనైరా ఉత్తరం తీసుకుని, తనకి వచ్చిన ఏడు అక్షరాల కోసం వెతికి, వేలు పెట్టింది. "ఇది నేను కదూ?"

"మీరే బాయీ."

"నీ పేరెక్కడుంది?"

రొకాయా ఒకసారి వంగి చూసింది. "లేదు బాయీ. పిల్లకి నా పేరు తెలియదేమో. వంటింటి అవ్వ అనేగా పిలిచేది" అని, అటు తిరిగి కొబ్బరి కోరడానికి కూర్చుంది.

మొనైరా ఉత్తరం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఆ వీపు, ఆ మోచేయి, నలభై ఏళ్ళుగా చూస్తున్నదే. ఒక్కసారైనా పట్టీలోంచి పిలిచినట్టు పిలవాలనిపించింది. వినేవాళ్ళు ఎవరూ లేకపోతేనేం? నడుము నిటారుగా పెట్టింది, గొంతు సవరించుకుంది, రాస్మియా పిలిచినంత స్పష్టంగా, ముంగిలంతా వినపడేటంత గట్టిగా పిలిచింది.

"రొకాయా!"

కొబ్బరి కోరుతున్న చేయి ఆగింది. ముసలావిడ మోకాళ్ళు పట్టుకుని గబగబా లేచింది.

"వస్తున్నా బాయీ. ఏం తేవాలి?"